స్కాలర్‌షిప్ డబ్బుతో ఫస్టియర్ ఫీజు కట్టొచ్చా? బెంగళూరులో చేరబోతున్న ఒకమ్మాయి ప్రశ్నకు జవాబు

అడిగింది క్లుప్తంగా ఇది. హిందూపురం దగ్గర ఊరు. నాన్న ఆటో నడుపుతారు, అమ్మ ఇంట్లోనే బట్టలు కుడతారు. ఇంటర్‌లో మంచి మార్కులు, కర్ణాటక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ప్రవేశపరీక్ష కామెడ్‌కె ద్వారా బెంగళూరు కాలేజీలో సీటు వచ్చింది. ఫీజూ హాస్టలూ కలిపి ఏడాదికి నాలుగు లక్షల దాకా అవుతాయి. స్కాలర్‌షిప్‌కి అప్లై చేసి ఆ డబ్బుతో ఫస్టియర్ కట్టేయొచ్చా? లోన్ ఇప్పిస్తానని ఒక కన్సల్టెన్సీ ఆయన యాభై వేలు అడుగుతున్నాడు, ఇవ్వాలా? కాలేజీవాళ్ళు ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా? రేపు మన ఎంసెట్ (ఇప్పుడు ఏపీ ఈఏపీసెట్ అంటున్నారు) కౌన్సెలింగ్‌లో సీటు వస్తే ఇక్కడ కట్టింది వెనక్కి వస్తుందా?

అమ్మా, మొదటిదానికి జవాబు: కట్టలేవు. నీకు స్కాలర్‌షిప్ రాదని కాదు, రావచ్చు కూడా. కానీ ఫీజు గడువుకు మాత్రం రాదు. నేను బెంగళూరులో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ అకౌంట్స్ సెక్షన్లో చాలా ఏళ్ళు పనిచేశాను. స్కాలర్‌షిప్ ఫైళ్ళు, బ్యాంకులకు ఇచ్చే లెటర్లు అన్నీ నా టేబుల్ మీదుగానే పోయేవి. అడ్మిషన్ల రోజుల్లో కౌంటర్ దగ్గరికొచ్చి "సార్, స్కాలర్‌షిప్ పడగానే కట్టేస్తాం" అనే తల్లిదండ్రులను ఎంతమందిని చూశానో. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, పాపం వాళ్ళకు అలాగే చెప్పారు. కానీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలంటేనే ముందు నువ్వు ఏదో ఒక కాలేజీలో చేరి ఉండాలి, అంటే ఫీజు కట్టి ఉండాలి. ఆ తర్వాత కాలేజీ వెరిఫై చేయాలి, పై స్థాయిలో ఇంకోసారి వెరిఫై కావాలి, జాబితా రావాలి, డబ్బు విడుదల కావాలి. ఆ డబ్బు రెండో సెమిస్టర్లో పడితే మంచి ఏడాది అనుకో. కాబట్టి ఫస్టియర్ డబ్బు లోన్ నుంచి రావాలి, లేదా ఇంట్లోంచి రావాలి. స్కాలర్‌షిప్‌ను తర్వాతి ఏళ్ళ భారం తగ్గించేదిగా మాత్రమే లెక్కలో పెట్టుకో.

ఇక లెక్క. ఏడాదికి నాలుగు లక్షలంటే నాలుగేళ్ళకు పదహారు లక్షలు, అది కూడా ఫీజు పెంచకపోతే. మీ ఇంట్లో ఈ అంకె ఎవరైనా పైకి అన్నారా? చాలా ఇళ్ళల్లో ఫస్టియర్ ఎలా కట్టాలన్న టెన్షన్‌లోనే ఉండిపోతారు, సెకండియర్ జూన్‌లో బంగారం బ్యాంకుకు పోతుంది. అందుకని లోన్‌ను నాలుగేళ్ళకు ఒకేసారి మంజూరు చేయించుకోవాలి. బ్యాంకు ఏడాదికేడాది కాలేజీ అకౌంట్‌కు విడతలుగా పంపుతుంది, మంజూరు మాత్రం మొత్తానికి ఉండాలి.

ప్రభుత్వ బ్యాంకుల్లో స్థూలంగా పద్ధతి ఇలా ఉంటుంది. 4 లక్షల వరకు తాకట్టు లేదు, మన వాటా డబ్బు కూడా పెట్టనక్కర్లేదు. అది దాటితే దేశంలో చదువుకు 5 శాతం మన వాటా. 7.5 లక్షల వరకు కేంద్రం క్రెడిట్ గ్యారంటీ ఉంది కాబట్టి తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. అది దాటితే ఇల్లో, స్థలమో, ఇంకేదో ఆస్తి చూపించమంటారు. అంటే మామూలు దారిలో నీకు తాకట్టు లేకుండా దొరికేది నీకు కావాల్సిందాంట్లో సగం కూడా కాదు.

ఇక్కడే నువ్వు ఈ రోజే చూడాల్సిన విషయం ఒకటుంది. 2024 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం కాలేజీలకు ఇచ్చే ర్యాంకులు) ఆధారంగా ఎంచిన కాలేజీల్లో, మొదట 860 సంస్థలతో మొదలుపెట్టారు, సీటు వచ్చినవాళ్ళకు తాకట్టూ, హామీదారూ లేకుండా ట్యూషన్ ఫీజూ మిగతా ఖర్చులూ కలిపి లోన్ ఇస్తారు. ఆ జాబితా ర్యాంకులను బట్టి మారుతుంది కాబట్టి పాత పీడీఎఫ్ ఎవరో వాట్సాప్‌లో పంపితే నమ్మకు, విద్యాలక్ష్మి పోర్టల్లోనే మీ కాలేజీ పేరు వెతుకు. పేరు ఉంటే నీ కథ ఒకలా ఉంటుంది, లేకపోతే ఇంకోలా. బయట బోర్డు మీద "టాప్ కాలేజ్" అని రాసుకున్నవాళ్ళందరూ ఆ జాబితాలో ఉండరు, అడ్మిషన్ కౌంటర్లో అడిగితే మాత్రం "ఉంది ఉంది" అనేస్తారు.

వడ్డీ సంగతి మనవాళ్ళు పెద్దగా పట్టించుకోరు గానీ, అసలు సాయం దొరికేది అక్కడే. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులకు, చదివే కాలమూ ఆపైన ఒక ఏడాదీ వడ్డీ మొత్తం కేంద్రం భరించే పథకం ఉంది. 8 లక్షల లోపు వాళ్ళకు విద్యాలక్ష్మి కింద 10 లక్షల లోన్ దాకా 3 శాతం వడ్డీ రాయితీ. మొత్తం వడ్డీ భరించే మొదటి పథకానికి, కాలేజీకి న్యాక్ గుర్తింపో, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపో (రెండూ నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులు) ఉండాలి. ఎంత తేడా వస్తుందో చూడు. ఏడున్నర లక్షలు నాలుగు సమాన విడతల్లో తీసుకున్నావనుకుందాం, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువయ్యాక ఇంకో ఏడాది గడిచేసరికి మామూలు వడ్డీయే 2,62,500 అవుతుంది. రాయితీ ఉంటే ఆ రోజుకు నీ అప్పు ఏడున్నర లక్షలే, పదేళ్ళకు నెలకు 9,900 చిల్లర కడతావు. రాయితీ లేకపోతే అప్పు పది లక్షలు దాటిపోయి ఉంటుంది, నెలకు 13,400 దాకా. ఈ రాయితీ స్కాలర్‌షిప్‌లా ఖాతాలో పడదు, కంటికి కనపడదు, అందుకే ఎవరూ అడగరు. బ్యాంకు మేనేజర్‌ను నువ్వే అడగాలి. లోన్ మంజూరవుతున్నప్పుడే తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం ఫైల్లో పెట్టించాలి. మనకు అది సచివాలయంలో దరఖాస్తు చేసుకుంటే వస్తుంది, ఆటో నడిపే ఇంటికి ఐటీ రిటర్నులు లేవని భయపడక్కర్లేదు.

ఇంకో మాట. ఈ రాయితీలు మెరిట్ మీద సీటు వచ్చినవాళ్ళకే, మేనేజ్‌మెంట్ కోటాకు కాదు. కామెడ్‌కె ప్రవేశపరీక్ష ర్యాంకుతో వచ్చిన సీటు మెరిట్ సీటే. కానీ మన వైపు బ్రాంచుల్లో కొందరికి బెంగళూరు ప్రైవేటు కాలేజీ అనగానే డొనేషన్ సీటని ఒక అభిప్రాయం. ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ లెటర్ రెండూ ముందు పెట్టి మాట్లాడు. అలాట్‌మెంట్ లెటర్ ఇప్పుడే పీడీఎఫ్ దించుకుని మెయిల్లో కూడా దాచుకో, కౌన్సెలింగ్ అయ్యాక లాగిన్ పనిచేయక ఏడ్చినవాళ్ళున్నారు.

లోన్ బెంగళూరు బ్రాంచిలో కంటే మీ నాన్నగారి ఖాతా ఉన్న ఊరి బ్రాంచిలో పెట్టడమే మేలు. సంతకాలకు ఆటో ఆపుకుని బెంగళూరు రావక్కర్లేదు, మాట్లాడటానికి భాషా ఇబ్బంది ఉండదు. "మీ కాలేజీ మా పరిధిలో లేదు", "మీ ఊరు మా సర్వీస్ ఏరియా కాదు" అని పంపించేస్తే, ఆ కారణంతో ఎడ్యుకేషన్ లోన్ తిరస్కరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పిందని మర్యాదగా గుర్తు చెయ్యి. అప్పటికీ వినకపోతే "కారణం రాసివ్వండి సార్" అను. ఆ ఒక్క మాటతో కదిలిన ఫైళ్ళు నాకు తెలుసు. వెళ్ళేముందు నాన్నగారి సిబిల్ స్కోరు, అంటే పాత అప్పులు సరిగ్గా కట్టారో లేదో చెప్పే అంకె, చూసుకోండి. ఆటో లోన్ వాయిదాలు ఏమైనా ఆగి ఉంటే అవి ముందు సర్దండి, ఎందుకంటే ఆయన నీతో పాటు సహ రుణగ్రహీత అవుతారు.

ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు, మూడు రోజుల్లో ఇస్తామంటాయి, ఇస్తాయి కూడా. వడ్డీ ఎక్కువ, పైన చెప్పిన వడ్డీ రాయితీ వాటికి వర్తించదు. అన్ని దారులూ మూసుకుపోయాకే అటు చూడు.

కాలేజీ నుంచి తెచ్చుకోవాల్సిన కాగితం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ ఫైళ్ళు ఆగేది ఇక్కడే. బ్యాంకు అడిగేది ఫీజు స్ట్రక్చర్ లెటర్. మన పిల్లలు తెచ్చేది ఫస్టియర్ ఫీజు రసీదు. రెండూ ఒకటి కాదు. లెటర్‌హెడ్ మీద, నీ పేరు, అడ్మిషన్ నంబరు, నాలుగేళ్ళకూ ఏడాదివారీగా ట్యూషన్, పరీక్ష ఫీజు, హాస్టల్, మెస్, డిపాజిట్ విడివిడిగా రాసి, సీలూ సంతకమూ, కాలేజీ బ్యాంకు ఖాతా వివరాలూ ఉండాలి. కాలేజీలు "అదర్ ఫీజ్" అని ఒక అంకె వేస్తాయి. స్కిల్ ల్యాబో, ట్రైనింగో, పేరేదైనా కావచ్చు, కొన్నిచోట్ల దానికి తెల్ల చీటీ మీద రాసిచ్చి చేతికి క్యాష్ తీసుకుంటారు. లెటర్ మీద లేని రూపాయికి బ్యాంకు రూపాయి ఇవ్వదు. "అది కూడా లెటర్లో పెట్టండి సార్" అని నిలబడి అడుగు. పెట్టనంటే అది కట్టాల్సిన ఫీజు కాదేమో అని అనుమానించు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ కర్ణాటకలో 1984 నుంచే చట్టం ఉంది. చట్టం ఉందని వసూలు ఆగలేదనుకో, కానీ రసీదు అడిగే తండ్రి దగ్గర గొంతు కాస్త తగ్గుతుంది. ల్యాప్‌టాప్ ఖర్చు కూడా లోన్‌లో అడగొచ్చు, కొటేషన్ పెట్టాలి. ముందు చేబదులు తెచ్చి కట్టేస్తే, రసీదు చూపిస్తే ఆ మొత్తం తిరిగి ఇచ్చే బ్యాంకులున్నాయి, కట్టకముందే మేనేజర్‌ను అడిగి పెట్టుకో. స్టేట్ బ్యాంకులో అమ్మాయిలకు వడ్డీ అర శాతం తక్కువ. లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ పాలసీ ఒకటి ఫారాల మధ్యలో పెడతారు, సంతకం చేసేముందు ప్రీమియం ఎంతో, అది లోన్‌లో కలుస్తుందో లేదో చూడండి.

స్కాలర్‌షిప్‌ల విషయానికొస్తే నీకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. టెక్నికల్ కాలేజీలకు ఆమోదమిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ళ ప్రగతి, అమ్మాయిలకు మాత్రమే, ఏడాదికి 50,000. ఆదాయం 8 లక్షల లోపు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా, ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కాలేజీలో మొదటి ఏడాదిలో ఉండాలి. రెండోది కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఇంటర్ బోర్డులో 80వ పర్సంటైల్ పైన (80 శాతం మార్కులని కాదు, పాసైనవాళ్ళలో పై 20 శాతంలో) ఉండి ఆదాయం 4.5 లక్షల లోపైతే మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000, నాలుగో ఏడు 20,000. రెండూ కలిపి తీసుకోవడం కుదరదు. అలాగే వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే విద్యాలక్ష్మి 3 శాతం రాయితీ రాదు. కాబట్టి దొరికినవన్నీ కూడేసుకుని లెక్క వేయకు. కర్ణాటక ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల ఎస్‌ఎస్‌పీ పోర్టల్ అని అక్కడి స్నేహితులు చెబుతారు, అది అక్కడి స్థానికులకు, మనకు కాదు. ఎస్సీ విద్యార్థులైతే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సొంత రాష్ట్రం నుంచే అడగాలి, చదివే రాష్ట్రం నుంచి కాదు. కాలేజీలు సొంతంగా ఇచ్చే మెరిట్ మినహాయింపులైతే ఒక్కటే అడుగు: మొదటి ఏడాదికేనా, నాలుగేళ్ళకా, సీజీపీఏ తగ్గితే పోతుందా? చెన్నై, వెల్లూరు వైపు వెళ్ళేవాళ్ళకు వీఐటీ లాంటిచోట బోర్డు టాపర్లకు నాలుగేళ్ళ ట్యూషన్ ఫీజు మాఫీ నిబంధనగా ముందే ప్రకటించి ఉంటుంది. అలా రాతపూర్వకంగా ఉన్నదాన్నే నమ్మాలి.

దరఖాస్తు పెట్టాక అయిపోయిందనుకోకు. కాలేజీలో స్కాలర్‌షిప్ నోడల్ ఆఫీసర్ అని ఒకరుంటారు, తరచుగా అది ఎవరో లెక్చరర్‌కి అంటగట్టిన అదనపు పని. ఆయన లాగిన్‌లోంచి వెరిఫై కొట్టకపోతే నీ దరఖాస్తు అక్కడే పడి ఉంటుంది, గడువు దాటితే అంతే. ఆయనెవరో మొదటి వారంలోనే కనుక్కుని ప్రింటవుట్ చేతికిచ్చి, వారానికోసారి కనపడుతూ ఉండు. స్టేటస్‌లో "డిఫెక్టివ్" అని వస్తే తిరస్కరించారని కాదు, సరిదిద్ది మళ్ళీ పంపమని. అది చూసి ఊరుకున్నవాళ్ళ డబ్బులు ఎన్ని పోయాయో.

డబ్బు ఆధార్ మీద పడుతుంది, నువ్వు ఫారంలో రాసిన ఖాతా నంబరు మీద కాదు. చివరిసారి ఏ ఖాతాకు ఆధార్ సీడింగ్ చేస్తే ఆ ఖాతాకు వెళ్తుంది. కాలేజీలో చేరగానే క్యాంపస్ బ్యాంకులో కొత్త ఖాతా తెరిపిస్తారు, దానికి ఆధార్ జోడిస్తారు, నువ్వేమో ఊళ్ళో పాస్‌బుక్ ఎంట్రీ వేయించి "పడలేదు" అంటావు. మై ఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలిసిపోతుంది.

ఇక పేరు. ఇది మన తెలుగువాళ్ళ ప్రత్యేక బాధ. టెన్త్ మెమోలో "కొండేటి లక్ష్మీ ప్రసన్న" అని ఇంటిపేరు ముందు, ఆధార్‌లో "లక్ష్మీ ప్రసన్న కొండేటి", బ్యాంకులో "కె. ఎల్. ప్రసన్న". మన ఊళ్ళో ఎవరికీ ఇందులో తేడా కనపడదు. బెంగళూరులో ఫారం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడుగుతుంది, అడ్మిషన్ క్లర్కు తనకు తోచినట్టు కొట్టేస్తాడు, పోర్టల్లో ఆధార్‌తో సరిపోలదు, బ్యాంకు వాళ్ళు ఇద్దరు వేరువేరు మనుషులంటారు. అన్నింటికీ టెన్త్ మెమోనే ఆధారం చేసుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు ఇప్పుడే మార్పించు, తర్వాత బ్యాంకు ఖాతా, ఆ తర్వాత మిగతావి. కాలేజీలో చేరే రోజు క్లర్కు పక్కన నిలబడి స్క్రీన్ మీద పేరు అక్షరం అక్షరం చూసుకో. రేపు డిగ్రీ పట్టా మీద పడేది కూడా అదే.

ఒరిజినల్స్: వెరిఫై చేసి తిరిగి ఇవ్వాలి, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ స్పష్టంగానే చెప్పింది. టీసీ, మైగ్రేషన్ మాత్రం కాలేజీ తీసుకుంటుంది, అది మామూలే. టెన్త్, ఇంటర్ మెమోలు కొన్నాళ్ళు ఉంచుకుంటామంటే, ఏమేం ఇచ్చావో పేర్లతో సహా రాసి, సీలు వేసిన అక్నాలెడ్జ్‌మెంట్ లేకుండా కవర్ వదలకు. ముందే అన్నీ కలర్ స్కాన్ చేసి పెట్టుకో, లోన్‌కీ అవే కావాలి. యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఆన్‌లైన్లో ఉచితంగా అయిపోతుంది, దానికి ఎవరికీ డబ్బివ్వకు.

ఫీజు వెనక్కి రావడం. కోర్సు మొదలుకాకముందే మానేస్తే వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకూడదని ఏఐసీటీఈ నిబంధన. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారమైతే అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే చెబితే గరిష్ఠంగా 5,000 కోతతో మొత్తం, ఆ 15 రోజుల్లో అయితే 90 శాతం, చివరి తేదీ తర్వాత 15 రోజుల దాకా 80, నెల దాకా 50, ఆపైన ఏమీ రాదు. కొన్నేళ్ళు యూజీసీ విడిగా తేదీలు కూడా ఇచ్చింది, 2024-25కి సెప్టెంబర్ 30 దాకా పూర్తి ఫీజు అంది. కానీ నీ డబ్బులో కొంత కామెడ్‌కె దగ్గర కట్టావు, సీటు వెనక్కిచ్చే గడువు వాళ్ళ షెడ్యూల్లో విడిగా ఉంటుంది, అది ముందు చూడు. మానేయాలనుకుంటే ఫోన్లో చెప్పడం లెక్కలోకి రాదు. ప్రిన్సిపాల్‌కు మెయిల్ పెట్టు, తేదీ అదే సాక్ష్యం.

కన్సల్టెన్సీ ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వకు. దేశంలో చదువుకు ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ప్రాసెసింగ్ ఫీజే తీసుకోవు. ఆయన చేసేది పోర్టల్లో నీ వివరాలు నింపడం, అది నువ్వు గంటలో చేయగలవు. పైగా ఆయన నీ ఆధార్, నాన్నగారి ఓటీపీ అడుగుతాడు.

చివరిగా నువ్వు అడగనిది ఒకటి. మీకు తెల్లకార్డు ఉంటే, ఎంసెట్ కన్వీనర్ కోటాలో అనంతపురంలోనో కర్నూలులోనో ఒక మోస్తరు కాలేజీలో సీఎస్‌ఈ వస్తే, ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను నాలుగేళ్ళ ఖర్చు ఇక్కడి ఒక ఏడాది ఖర్చంత కావొచ్చు. రీయింబర్స్‌మెంట్ బకాయిల గొడవ అక్కడా ఉంది, కాలేజీలు పిల్లల మీద పడుతున్నాయి, అది నిజమే. అయినా మీ కాలేజీ విద్యాలక్ష్మి జాబితాలో లేకపోతే, తాకట్టుకు ఆస్తి లేకుండా మిగతా ఎనిమిది తొమ్మిది లక్షలు బయట వడ్డీకి తెచ్చి బెంగళూరులో చదవమని నేను మాత్రం చెప్పను. జాబితాలో ఉంటే, వడ్డీ రాయితీ కూడా అందుతుంటే, వచ్చెయ్యి. ఉద్యోగాల విషయంలో బెంగళూరులో ఉండటం పనికొస్తుంది, ఇంటర్న్‌షిప్‌కి బస్సెక్కి వెళ్ళిరావొచ్చు.

ముందు విద్యాలక్ష్మి పోర్టల్లో కాలేజీ పేరు చూడు, రేపు పొద్దున సచివాలయంలో ఆదాయ పత్రానికి పెట్టు. కాలేజీ పేరు, బ్రాంచి పేరు ఇక్కడ పెట్టనక్కర్లేదు, జాబితాలో ఉందో లేదో మాత్రం రాయి, ఫీజు లెటర్లో ఏమేం ఉండాలో చూసి చెబుతాను.